మోటెట్టు: బహుకంఠగానమున శబ్దస్థానము

ఐరోపాఖండమునఁ బెక్కుకంఠములతోఁ బాడఁబడు ప్రబంధములలో మోటెట్టు మిగులఁ బ్రాచీనమైనది. ఫ్రెంచిభాషలో "మో" యనఁగా మాట. దానిపైఁ జేరిన ప్రత్యయ మల్పార్థకము. కావున మోటెట్టనఁగాఁ జిన్నమాట యని వ్యుత్పత్తి. గానభేదమునకు శబ్దవాచకమగు పేరేల కలిగెనను ప్రశ్నకు సమాధానము దాని జన్మమునందే కలదు.

క్రీ. శ. 12వ శతాబ్దాంతమునఁ బారిసునగరమందలి నోత్రదాం దేవాలయమున లియోనిను, పెరోటినులు లాటినుస్తోత్రములను బహుకంఠములకు సమకూర్చిరి. అందుఁ గ్రిందికంఠము ప్రాచీనమగు నేకకంఠస్తోత్రమునందలి స్వరఖండము నొకదానిని నిలిపి పాడును. దానికి టెనరని పేరు. ఈ పేరు "పట్టుకొనుట" యను నర్థముగల లాటినుధాతువునుండి పుట్టినది. పైకంఠ మొక్కయచ్చుమీఁదనే దీర్ఘముగా స్వరసంచారము చేయుచుండెను. 13వ శతాబ్దారంభమున నీ స్వరసంచారమునకుఁ గ్రొత్తమాటలు కూర్పఁబడెను. మాటలు పొందిన కంఠమునకు మోటెటుసని పేరు కలిగి, యదియే ప్రబంధమునకెల్లఁ జెల్లినది. సామగానమున ఋక్కునకు నర్థరహితములగు స్తోభాక్షరములు చేరును. ఇచ్చట నందులకు విపరీతముగా నర్థరహితమగు నాదమున సార్థకశబ్దము చేరినది.

ఇట్లు చేరిన శబ్దమే యనతికాలమునఁ జిక్కు తెచ్చెను. మూఁడవకంఠము చేరినపు డద్దానికి వేఱుపాఠము కూర్చిరి. ఒక్కొకచోఁ బాఠములు రెండును వేర్వేఱుభాషలవి. క్రింద దేవాలయస్తోత్రఖండము నడచుచుండఁ బైన ఫ్రెంచిభాషలోని శృంగారగీతము పాడుటయుఁ గలదు. మోంపెల్లియేనగరమున నున్న వ్రాఁతప్రతిలో నిట్టి బహుపాఠరచనలతోఁ గూడి 300లకు మించిన మోటెట్టులు గలవు. శాబ్దబోధమునకు సన్నిధి కారణమని శాస్త్రము. ఒకపదమునకును దానితో నన్వయించు పదమునకును నడుమ వేఱువాక్యములోని పదములు చెవిఁబడుచుండ శ్రోతకు వాక్యార్థ మెట్లు స్ఫురించును? 1324-25 ప్రాంతమునఁ బోపు 22వ జాను తన శాసనమున స్వరములను ముక్కలు చేయుటను, బైకంఠములలో దేశభాషాగీతములు చొప్పించుటను నిందించెను.

15వ శతాబ్దాంతమున దీనికిఁ బరిష్కారము కుదిరినది. 1521వ సంవత్సరమున మృతుఁడైన జొస్కేను మొదలగువారు కంఠములన్నిటికిని సాధారణముగా నొక్కపాఠమునే యిచ్చిరి. ఒకకంఠము పదసముదాయమును బాడఁగా రెండవది దానినే యనుసరించి పాడును. అందుచే నొక్కమాటయే పలుమాఱులు చెవిఁబడి స్పష్టమగును. మాస్ అను పూజయందలి నిత్యపాఠములు నియతములు. మోటెట్టునకు బైబిలునుండియో, యితరస్తోత్రములనుండియో సమయోచితమగు పాఠము నెన్నుకొనవచ్చును. ఈ స్వేచ్ఛచే రచయితలు ప్రతిపదమునకు ననుగుణమగు స్వరకల్పన చేయఁగలిగిరి. 1562వ సంవత్సరమున ట్రెంటుమహాసభయందు దేవాలయసంగీతమును గూర్చి చర్చించినపుడు మాటలు తెలియవలెనను నంశము ముఖ్యమయ్యెను. 1594వ సంవత్సరమున మృతుఁడైన పాలెస్ట్రీన మోటెట్టులీ స్పష్టతకుఁ బ్రసిద్ధములు. ఆ శతాబ్దముననే యింగ్లండున టాలిసు 40 కంఠములకు మోటెట్టును రచించెను. అందుఁ బలుతావుల మాట నాదసముద్రమున మునుఁగును. 40 కంఠములు నొక్కపెట్టునఁ బలికినచో మరలఁ దేలును.

18వ శతాబ్దమున లైప్‌జిగునగరమున బాకు మోటెట్టులను జర్మనుభాషలో రచించెను. 14వ శతాబ్దమున దోషముగా నెంచఁబడిన దేశభాషయే లూథరుమతస్థుల యారాధనమున గౌరవస్థానము నొందినది. 1789వ సంవత్సరమున మోజార్టు ఆ నగరమున నొకదానిని విని విస్మితుఁడై, దాని కంఠపత్రములను దెప్పించి పరిశీలించెను.

దైవస్తుతిరూపమగు బృందగానమే మోటెట్టని చెప్పుదురు. ఆ లక్షణము 13వ శతాబ్దపు శృంగారమోటెట్టులయం దవ్యాప్తము. మఱియు నాకాలమున సాధారణముగాఁ గంఠమున కొక్కగాయకుఁడే గాని బృందము లేదు. భాషయు, విషయమును, గాయకసంఖ్యయు మాఱినను, బలుకంఠముల నడుమ మాట కెట్టిచోటీయవలెనను విచారము మాత్రము విడువలేదు. ఈ ప్రబంధమునకు మాటపేరే నిలుచుట యుచితము.