నవ్వించినవాని బ్రతుకు



నాటకశాలలో మనకు కన్నీరు తెప్పించిన నటుని మహానటుడని కొనియాడుదుము. నవ్వించినవానిని మాత్రము నవ్వుతోపాటు మరచిపోదుము. హాస్యము సులభసాధ్యమను భ్రమయే దీనికి కారణము. ఆ భ్రమను తొలగింపగల చరిత్ర జోసెఫ్ గ్రిమాల్డి అను హాస్యనటునిది.

ఇతడు 1778వ సంవత్సరమున లండను నగరమందు జన్మించెను. తండ్రి ఇటలీ దేశమునుండి వచ్చిన నర్తకుడు. బాలుడు మూడేండ్లు నిండకమునుపే రంగస్థలమెక్కెను. 1788లో తండ్రి గతించుటతో తొమ్మిదేండ్ల ప్రాయముననే యతనికి నటన జీవనాధారమయ్యెను.

ఆ కాలమున ఇంగ్లండులో పాంటోమైమను ప్రదర్శనములకు గొప్ప ఆదరణ యుండెను. వానిలో మాటలు తక్కువ; గంతులు, పల్టీలు, అభినయము ఎక్కువ. మన విదూషకునివంటి పాత్రమునకు క్లౌను అని పేరు. అంతవరకు క్లౌను వట్టి మొద్దు. గ్రిమాల్డి వానిని గడుసువానిగా దీర్చి, ప్రదర్శనమునకే నాయకుని గావించెను. ముఖమునకు తెల్లని పూత పూసి, చెక్కిళ్లపై ఎర్రని త్రికోణములు దిద్దుకొనెడివాడు. కాయగూరలతో మనిషిని గూర్చి, వానితోనే ముష్టియుద్ధమునకు దిగెడివాడు. పసిబిడ్డల తొట్టికి గుండ్రని జున్నుదిమ్మలను చక్రములుగా నమర్చి బండి చేసెడివాడు. 1806 డిసెంబరులో కోవెంట్ గార్డెను నాటకశాలయందు ఆరంభమైన 'మదర్ గూస్' ప్రదర్శనము 92 రాత్రులు నడచెను.

కాని యీ నవ్వులకై యతడు తన దేహమునే ధారవోసెను. ప్రతిరాత్రియు పడుటయు, లేచుటయు, ఎగురుటయు. కొన్నాళ్లు ఒకేరాత్రి రెండు నాటకశాలలలో ఆడుటకై వీథులవెంట పరుగు. కీళ్లు చెడిపోయెను. 1823లో, నలుబదినాలుగేండ్లకే, రంగస్థలమును విడువవలసి వచ్చెను. 1828లో డ్రూరీ లేను నాటకశాలయందు తుది సెలవు గైకొను రాత్రి నిలువలేక, కుర్చీలో కూర్చుండియే ప్రేక్షకులను నవ్వించెను. తన విద్య నేర్పి పెంచిన ఏకైక కుమారుడు త్రాగుడుపాలై 1832లో మరణించెను.

కడపటి దినములలో గ్రిమాల్డి యొక పానశాలకు బోయి స్నేహితులతో ముచ్చటించెడివాడు. నడువలేని యాతనిని పానశాల యజమానుడు తన వీపుపై మోసికొని యింటికి జేర్చెడివాడు. 1837 మే 31వ తేదీనాడును అట్లే యిల్లు చేరి, ఆ రాత్రియే కన్నుమూసెను. మరుసటి సంవత్సరమే చార్లెస్ డికెన్స్ ఆతని స్వీయచరిత్రను సంస్కరించి ప్రకటించెను. నేటికిని ఆంగ్లభాషలో క్లౌనును 'జోయి' యని పిలుచుట యాతని పేరునుబట్టియే.

వీథినాటకమున హాస్యగాడు క్రిందపడినపుడు మనము నవ్వుదుము, నవ్వవలసినదే. ఆట ముగిసిన పిమ్మట వాడెట్లు లేచి యింటికి బోయెనో విచారించుటయు ప్రేక్షకుల ధర్మమే.