బంగారు తీగ మీదికి వైరస్

కృష్ణా డెల్టా చెరువుల్లో బొచ్చె, రాగండి చేపలతో కలిపి రైతులు కావాలని పెంచే బంగారు తీగ (కార్ప్) ఆస్ట్రేలియా నదులకు పీడగా పరిణమించిందంటే వేమూరు, రేపల్లె పాఠకులకు వింతగానే తోస్తుంది. అడుగు బురదను పెళ్లగించి మేత వెదుక్కునే ఈ చేప అక్కడి ముర్రే–డార్లింగ్ నదీ వ్యవస్థలో నీటిని కలకబార్చి, నీటి మొక్కలను పెకలించి, స్థానిక జాతులకు నిలువ నీడ లేకుండా చేసింది. దీన్ని అదుపు చేయడానికి కోయి హెర్పిస్ వైరస్‌ను, అంటే బంగారు తీగ మొప్పలను, మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీసే సూక్ష్మజీవిని, నదుల్లోకి వదలవచ్చునా అని తేల్చేందుకు 2016లో అక్కడి ప్రభుత్వం కోటిన్నర డాలర్లు ప్రకటించగా, ఆ పరిశోధనల సారం ‘జాతీయ కార్ప్ నియంత్రణ ప్రణాళిక’గా 2022లో వెలువడింది.

ఈ వైరస్ బంగారు తీగకూ, దాని అలంకార రూపమైన కోయికీ తప్ప ఇతర చేపలకు వ్యాధి కలిగించదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ ప్రణాళిక పత్రంలో అసలు ఆలోచింపజేసే భాగం మాత్రం చేప చచ్చిన తరువాతి సంగతి. 2018 నాటికి ఆ ఖండంలో ఈ చేపల మొత్తం బరువు సుమారు 2 లక్షల టన్నులని అంచనా. అందులో కొంత భాగమే ఒక్కసారిగా చచ్చి తేలినా, కుళ్లే కళేబరాలను తినే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను హరిస్తాయి, వైరస్ సోకని చేపలు కూడా ఊపిరాడక చస్తాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం, రైతు పరుగున వెళ్లి ఏరియేటర్లు తిప్పడం డెల్టా చెరువుగట్లకు కొత్త కాదు. చెరువుకైతే ఏరియేటర్ ఉంది, వేల కిలోమీటర్ల నదికి ఏముంది?

మూలవాసుల ఆందోళన ఇక్కడే మొదలవుతుంది. డార్లింగ్ నదిని బర్కాగా పిలుచుకునే బర్కాంజీ ప్రజలకు 2015లో తమ నేలపై సంప్రదాయ హక్కును న్యాయస్థానం గుర్తించింది. కాని వాళ్ల మెనిండీ తీరంలోనే 2018–19 వేసవిలోనూ, మళ్లీ 2023 మార్చిలోనూ లక్షలాది చేపలు ఆక్సిజన్ లేక చచ్చిపడ్డాయి. తాగునీరూ, వేటా, పూర్వీకుల స్మృతీ ఒకే నదిలో ఉన్న జనానికి మరోసారి చచ్చిన చేపల వాసన ప్రయోగఫలితం కాదు, బతుకుపై పడే దెబ్బ. వదిలిన వైరస్‌ను వెనక్కి తీసుకునే మార్గం లేనప్పుడు వాళ్ల సమ్మతి ముందే, మనస్ఫూర్తిగా లభించాలి. నిర్ణయం జరిగిపోయాక పెట్టే సమావేశాన్ని సంప్రదింపు అనడం అన్యాయం. ఈ డెల్టాలోనూ కాలవగట్లపై నివసిస్తూ, చేపలు పట్టి, రైతుల పొలాల్లో ఎలుకలు పట్టి బతికే యానాదులున్నారు. కాలవలో ఏం కలిపినా మొదట చేరేది వాళ్ల కూడులోకే కనుక బర్కాంజీల ప్రశ్న ఇక్కడివాళ్లకు పరాయిది కాజాలదు.

పూర్వకథ క్లుప్తంగా ఇది: బంగారు తీగను ఆస్ట్రేలియాకు తెచ్చింది వలస వచ్చిన ఐరోపా వారు, 1974 వరదలు దాన్ని నదులంతటా చేర్చాయి. పీడపైకి వైరస్‌ను వదలడం ఆ దేశానికి కొత్త కాదు. అక్కడ కుందేళ్లపై 1950లో వదిలిన మిక్సోమా వైరస్ మొదట్లో విపరీతంగా చంపినా, బతికినవాటి సంతతికి క్రమంగా తట్టుకునే శక్తి వచ్చింది. కుందేళ్లకే సోకే కాలిసివైరస్ 1995లో అక్కడి వార్డాంగ్ దీవి ప్రయోగస్థలం నుంచి తప్పించుకుంది. దాన్ని తెచ్చుకోవడానికి 1997లో న్యూజిలాండ్ అధికారులు అనుమతి నిరాకరించిన కొద్ది వారాలకే కొందరు రైతులు దొంగచాటుగా తెచ్చి వ్యాపింపజేశారు.

మినుము చేలో మరో వైరస్

పీడను వైరస్‌తో అదుపు చేయడం మన చేలకూ కొత్త కాదు. వరి కోతల తరువాత వేసే మినుమును తినే పొగాకు లద్దెపురుగుపై ఎన్.పి.వి. అనే వైరస్ ద్రావణం చల్లడం వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతే. వైరస్ సోకిన పురుగు మొక్క కొనకు పాకి, తలకిందులుగా వేలాడి, లోపలంతా ద్రవమై చస్తుంది. అలాంటి పురుగులను ఏరి, నూరి, వడగట్టి రైతులే ద్రావణం చేసుకోవచ్చు. మోతాదును ఎల్.ఇ.లలో, అంటే వ్యాధితో చచ్చిన ఒక పెద్ద పురుగు నుంచి వచ్చే వైరస్ పరిమాణంలో లెక్కిస్తారు. హెక్టారుకు 250 ఎల్.ఇ. సాధారణ సిఫారసు. ఎండకు వైరస్ శక్తి నశిస్తుంది కనుక బెల్లం కలిపి సాయంత్రం పూట చల్లాలి.