బ్యాటరీ సైకిల్ కొనేముందు

సైకిల్ మన కుటుంబాల బతుకుతో ముడిపడిన బండి. పరుపులు, దిండ్లు కుట్టడానికి ఊరూరా తిరిగిన నూర్‌బాషా సోదరులు, గాజుల మలారాలు కట్టుకుని గడప గడపకూ వెళ్లిన పెద్దలు, బస్టాండు పక్కన గాలి పంపు పెట్టుకుని పంచర్లు వేస్తూ పిల్లల్ని చదివించిన మెకానిక్కులు... వీరందరికీ అన్నం పెట్టింది సైకిలే. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 మోపెడ్ వచ్చాక చాలామంది అటు మళ్లారు. ఇప్పుడు లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటింది. ఆనాడు సైకిల్ తొక్కినవారి మోకాళ్లు అరిగిపోయాయి. సరిగ్గా ఈ సమయంలో బ్యాటరీ సైకిళ్లు అంగళ్లలోకి వచ్చాయి.

"మా నాయనకు ఒకటి కొనివ్వాలి, ఏది మంచిది?" అని అడిగే కొడుకులు, కూతుళ్లు ఎక్కువవుతున్నారు. ధర సుమారు ముప్పై వేల నుంచి యాభై వేల రూపాయల దాకా ఉంటోంది. వడ్డీ వాయిదాలకు దూరంగా ఉండాలనుకునే ఇళ్లలో ఆ సొమ్మంతా కూడబెట్టి ఒకేసారి ఇవ్వాలి. కొన్న బండి ఏడాదికే మూలన పడితే ఆ దెబ్బ ఇంటిల్లిపాదికీ తగులుతుంది. అందుకే శింగనమల వంటి మెట్ట ప్రాంతపు ఊరిని దృష్టిలో పెట్టుకుని, ఎటువంటి బండి నమ్మదగినదో ఈ వారం వివరిస్తున్నాము.

ముందు దూరం లెక్క చూసుకోండి

శింగనమల నుంచి అనంతపురానికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. చేనికి, బడికి, మసీదుకు, మండల కార్యాలయానికి వెళ్లిరావడమైతే నాలుగైదు కిలోమీటర్లలో అయిపోతుంది. ఈ రెండు అవసరాలకూ ఒకే బండి సరిపోదు.

అట్టపెట్టె మీద రాసిన "యాభై కిలోమీటర్లు" అన్న మాటను పక్కన పెట్టి, బ్యాటరీ మీద రాసిన రెండు అంకెలను చూడండి. వోల్టులను యాంపియర్-అవర్లతో గుణిస్తే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో తెలుస్తుంది. 36 వోల్టులు, 10 యాంపియర్-అవర్లు అయితే 360 వాట్-అవర్లు. మనమూ పెడల్ తొక్కుతూ, చదునైన దారిలో నిదానంగా పోతే కిలోమీటరుకు 10 నుంచి 12 వాట్-అవర్లు ఖర్చవుతాయి. అంటే ముప్పై కిలోమీటర్ల దాకా రావచ్చు. తొక్కకుండా మోటారు మీదే పోయినా, వెనక మూట కట్టినా, ఎదురుగాలి ఉన్నా ఖర్చు 15 నుంచి 20కి పెరుగుతుంది. అప్పుడు అదే బ్యాటరీ ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటుగా అయిపోతుంది.

ఎదురుగాలి మన ప్రాంతంలో చిన్న విషయం కాదు. రామగిరిలో, కడవకల్లులో గాలిమరలు పెట్టింది ఇక్కడి గాలిని చూసే. నిటారుగా కూర్చుంటే ఒళ్లు గాలికి అడ్డుపడుతుంది కాబట్టి ఆషాఢ, శ్రావణాల గాలికి బ్యాటరీ ఇంకొంచెం ఎక్కువే తింటుంది. రెండు మూడేళ్లు వాడాక బ్యాటరీ పట్టు కూడా కొంత తగ్గుతుంది. ఇవన్నీ కలుపుకుని, రోజూ తిరిగే దూరానికి రెట్టింపు వచ్చే బ్యాటరీని ఎంచుకోవడం మంచిది. అనంతపురం పోయి రావాలంటే మాత్రం అక్కడ చార్జింగు పెట్టుకునే చోటు ముందే చూసుకోవాలి. లేదా బస్సెక్కే చోటు దాకా సైకిల్ మీద వెళ్లి, అక్కడి నుంచి బస్సులో పోవడమే సుఖం.

కూర్చునే తీరు

పాత హెర్క్యులస్, అట్లాస్ సైకిళ్లను గుర్తు చేసుకోండి. హ్యాండిల్ ఎత్తుగా ఉండి, పిడులు మనవైపు వంగి ఉండేవి. సీటు వెడల్పుగా, కింద స్ప్రింగులతో ఉండేది. నడుం వంచకుండా, తల ఎత్తి, నలుగురినీ పలకరిస్తూ పోయేవారు. ఈనాటి బ్యాటరీ సైకిళ్లలో ఎక్కువ భాగం కొండలెక్కే సైకిళ్ల నమూనాలో వస్తున్నాయి. వాటి హ్యాండిల్ తిన్నగా, దూరంగా ఉంటుంది. సీటు సన్నగా ఉంటుంది. కుర్రవాళ్లకు బాగానే ఉంటుంది గానీ, అరవై ఏళ్ల మనిషి అరగంట తొక్కితే మెడ, మణికట్లు నొప్పి పుడతాయి.

కాబట్టి ఎవరికోసం కొంటున్నారో ఆ మనిషినే అంగడికి తీసుకువెళ్లండి. సీటు మీద కూర్చోబెట్టి ఈ నాలుగు చూడండి. పిడులు సీటు కన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తున ఉండాలి. మోచేతులు కొంచెం వంగి, భుజాలు వదులుగా ఉండాలి. పెడల్ అడుగుకు పోయినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఎక్కువగా వంగితే మోకాలి నొప్పి పెరుగుతుంది. బండి ఆగినప్పుడు కాలు ధైర్యంగా నేలకు ఆనాలి. నిటారుగా కూర్చున్నప్పుడు బరువంతా సీటు మీదే పడుతుంది కాబట్టి వెడల్పాటి సీటు తప్పనిసరి.

మిగతా అన్నీ నచ్చి, హ్యాండిల్ ఒక్కటే నచ్చకపోతే బండిని వదులుకోనక్కర్లేదు. వెనక్కి వంగిన హ్యాండిల్, స్ప్రింగు సీటు మామూలు సైకిల్ షాపులోనే కొద్ది ఖర్చుతో వేయించవచ్చు. అయితే బ్రేకు కేబుళ్లు, కరెంటు తీగలు కొత్త ఎత్తుకు అందుతాయో లేదో ముందే అడగండి.

ఆడవారు నడిపేదైతే

టీచరమ్మలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, కుట్టుపని చేసే అక్కచెల్లెళ్లు ఆటో కోసం కాచుకోకుండా సొంతంగా వెళ్లిరావడానికి ఈ సైకిల్ ఎంతో అనువైనది. అటువంటి ఇంటికి, మధ్య కడ్డీ కిందికి వంగి ఉన్న లేడీస్ సైకిల్ నమూనానే తీసుకోండి. చీరతో అయినా, బురఖాతో అయినా సులువుగా ఎక్కి దిగవచ్చు. మగపెద్దలకు కూడా కాలు ఎత్తి వెనక నుంచి వేసే శ్రమ తప్పుతుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

చైనును పూర్తిగా కప్పే కవరు, వెనక చక్రానికి రెండు వైపులా గుడ్డ చిక్కుకోకుండా ఆపే జాలీ ఉండి తీరాలి. మామూలు సైకిల్‌లో బట్ట చిక్కుకుంటే తొక్కడం ఆపేస్తాము, చక్రం ఆగుతుంది. మోటారు ఉన్న చక్రం బట్టను ఇంకా లోపలికి లాగుతుంది. బ్రేకు పట్టగానే మోటారు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో అంగట్లోనే పరీక్షించండి.

నమ్మకం అంటే ఏమిటి?

పెద్ద పేరుంటే నమ్మకం, ఎక్కువ ధర పెడితే నమ్మకం అని అనుకుంటాము. రెండు సంస్థల కథ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

1951లో హర్యానాలోని సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ సంస్థ 2020 జూన్ 3న సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆపేసింది. అది ప్రపంచ సైకిల్ దినం కావడం యాదృచ్ఛికం. అయినా మన ఊళ్లలో ఒక్క అట్లాస్ సైకిల్ కూడా దానివల్ల ఆగిపోలేదు. దాని టైరు, ట్యూబు, చైను, గోళీలు, బ్రేకు కట్టలు ఏ సైకిల్ షాపులో అడిగినా దొరుకుతాయి. బాగుచేయడం తెలిసిన చేతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఇక రెండోది నెదర్లాండ్స్ కథ. జనాభా కన్నా సైకిళ్లు ఎక్కువున్న దేశం అది. అక్కడివారు కూడా మన పెద్దల మాదిరే నిటారుగా కూర్చుని తొక్కుతారు. ఆ దేశంలో 2009లో మొదలైన వాన్‌మూఫ్ సంస్థ అందమైన, ఖరీదైన బ్యాటరీ సైకిళ్లు చేసి పేరు తెచ్చుకుంది. 2023 జూలైలో అది దివాలా తీసింది. దాని విడిభాగాలు చాలావరకు ఆ సంస్థకే ప్రత్యేకమైనవి, వేరే చోట దొరకవు. తాళం కూడా ఫోన్ యాప్‌తో ముడిపడి ఉండడంతో, సంస్థ మూతపడితే తమ బండి తమకే తెరుచుకోదేమోనని యజమానులు కంగారు పడ్డారు. తర్వాత వేరే సంస్థ దాన్ని కొనుక్కుంది గానీ, ఆ కంగారు మనకు పాఠం.

మా ఉద్దేశంలో, చేసినవారు మూతపడినా మన ఊళ్లో బాగుచేయించుకోగలిగిన బండే నమ్మకమైన బండి. ఆ కొలతతోనే ప్రతి భాగాన్నీ చూడాలి.

మోటారు వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ రకం మనకు అనుకూలం. అందులో లోపల చిన్న గేర్లు ఉన్నది తేలికగా ఉంటుంది, బ్యాటరీ అయిపోయినా తొక్కుకుంటూ ఇంటికి చేరవచ్చు. గేర్లు లేనిది బరువు, కానీ అరిగే భాగాలు తక్కువ. పెడళ్ల దగ్గర మోటారు ఉండేవి ఎత్తులు బాగా ఎక్కుతాయి గానీ చైను త్వరగా అరుగుతుంది, బాగుచేసేవారు దొరకడం కష్టం.

మన దారుల్లో కంపచెట్ల ముళ్లు, పల్లేరు కాయలు ఉన్నంతకాలం పంచర్లు తప్పవు. మోటారు చక్రాన్ని విప్పాలంటే దాని తీగను మధ్యలో ఊడదీసే కనెక్టరు ఉండాలి. లేకపోతే చిన్న ముల్లు కూడా పెద్ద పని అవుతుంది. టైరు 26 అంగుళాలదై, రెండు అంగుళాల మందం ఉంటే ఎర్రమట్టి, కంకర దారుల్లో కుదుపు తగ్గుతుంది, కొత్త టైరు కూడా సులువుగా దొరుకుతుంది. కొనేముందు మీ ఊరి పంచర్ షాపుకు వెళ్లి, "భాయ్, ఈ చక్రం విప్పి బిగించగలవా?" అని ఒక్క మాట అడగండి. బండి భవిష్యత్తు ఆ జవాబులో ఉంటుంది.

మూట కట్టి వ్యాపారం చేసేవారు, మనిషి బరువుతో కలిపి ఎంత మోయగలదో కాగితం మీద చూపించమని అడగాలి. బండి బరువు ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి ఇంటి మెట్లు, గడప సంగతి కూడా ఆలోచించుకోండి.

బ్యాటరీతో జాగ్రత్త

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇటువంటి ప్రమాదాల తర్వాత కేంద్రం విద్యుత్ వాహనాల బ్యాటరీ పరీక్షలను 2022 డిసెంబరు నుంచి కఠినం చేసింది. సైకిల్ బ్యాటరీ చిన్నదే అయినా జాగ్రత్త అదే.

అందరూ నిద్రపోయే గదిలో, రాత్రంతా చార్జింగు పెట్టకండి. బయటికి వెళ్లే దారికి అడ్డంగానూ పెట్టకండి. బండితో వచ్చిన చార్జరునే వాడండి. ఎండలో తిరిగి వచ్చాక అరగంట చల్లారనిచ్చి తగిలించండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీకి చార్జింగు మంచిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన రేకుల షెడ్లలో మధ్యాహ్నం ఆ వేడి దాటడం మామూలే. తెల్లవారుజామున లేచి, మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకోవడం మేలు. 10 యాంపియర్-అవర్ల బ్యాటరీకి 2 యాంపియర్ల చార్జరుతో అయిదు గంటలు పడుతుంది.

లిథియం బ్యాటరీల్లో ఎల్‌ఎఫ్‌పి రకం వేడికి ఎక్కువ తట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. ధర కొంచెం ఎక్కువైనా, దొరికితే అదే తీసుకోండి. బ్యాటరీ ఉబ్బినా, కిందపడి సొట్టపడినా, నీళ్లలో మునిగినా ఇక వాడకండి.

చట్టం, ఖర్చు

మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకపోతే దాన్ని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అయితే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థ దాన్ని ధ్రువీకరించి ఉండాలి. ఆ పత్రం నకలు అడిగి తీసుకోండి. "ఒక తీగ తీసేస్తే నలభై వేగం వస్తుంది" అని ఎవరైనా ఆశ పెడితే వద్దనండి. ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం. రేపు ఎవరికైనా తగిలితే ఇల్లు గుల్లవుతుంది.

ఖర్చు కూడా నిజాయితీగా లెక్కవేద్దాం. వంద కిలోమీటర్లకు కరెంటు ఒకటిన్నర యూనిట్లు, అంటే ఇంటి బిల్లులో పది రూపాయల లోపే. లీటరుకు యాభై కిలోమీటర్లు ఇచ్చే మోపెడ్‌కు అదే దూరానికి రెండు వందలు దాటుతుంది. అయితే బ్యాటరీ అరుగుదలను మరచిపోకూడదు. బ్యాటరీ పన్నెండు వేలు అనుకుని, 500 సార్లు నిండుగా చార్జి చేస్తే సారికి ముప్పై కిలోమీటర్ల చొప్పున పదిహేను వేల కిలోమీటర్లు వస్తాయి. కిలోమీటరుకు ఎనభై పైసలు. అంతా కలిపినా వంద కిలోమీటర్లకు తొంభై రూపాయలే. నెలకు కొంత చొప్పున ఆ బ్యాటరీ డబ్బు పక్కన పెట్టుకుంటే మూడో నాలుగో ఏట చేతులు తడుముకోనక్కర్లేదు.

ఎర్ర దుమ్ము, ఎండ ఎక్కువైనా వాన తక్కువైన ప్రాంతం మనది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే. కరెంటు బండికి ఒక విధంగా అది మేలే. నిటారుగా కూర్చునే సీటు, నిదానమైన మోటారు, ఊళ్లోనే విప్పి బిగించగల చక్రం, జాగ్రత్తగా చూసుకునే బ్యాటరీ ఉంటే చాలు. తొందరపడి బొమ్మ చూసి కొనకండి. ఇంట్లో అందరూ కూర్చుని ఈ లెక్కలు వేసుకుని, ఎక్కే మనిషిని ఎక్కించి చూసి, అప్పుడు డబ్బు చెల్లించండి.