బ్రేకు పడలేదన్న మాట తరువాత

ఉత్తర తెలంగాణలో భారీ వాహనాలు రెండు వేర్వేరు చట్టాల కింద నడుస్తున్నాయి. రామగుండం, శ్రీరాంపూర్, ఆసిఫాబాద్ ప్రాంతాల సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గును, మట్టిని మోసే డంపర్లకు గనుల భద్రతా నియమాలు వర్తిస్తుండగా, ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపైనా, కరీంనగర్ మీదుగా రామగుండం చేరే రాజీవ్ రహదారిపైనా గ్రానైటు దిమ్మెలు, ఇసుక, బూడిద మోసే లారీలకు, టిప్పర్లకు మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది. ప్రమాదం ఎక్కడ జరిగినా మొదట వినిపించే మాట ‘బ్రేకులు ఫెయిలైనయి’ అన్నదే అయినా, ఆ మాట తరువాత ప్రభుత్వం అడిగే ప్రశ్నలు రెండుచోట్లా ఒకేలా ఉండవు.

సాంకేతికంగా చూస్తే ‘బ్రేకు ఫెయిల్’ అన్నది జరిగినదానికి పేరే గాని, కారణం అందులో దొరకదు. లారీలలోని ఎయిర్ బ్రేకు విధానంలో ఇంజిను తిప్పే కంప్రెసరు గాలిని ట్యాంకుల్లో నింపుతుంది. డ్రైవరు పెడల్ తొక్కగానే ఆ గాలి చక్రం దగ్గరి బ్రేకు చాంబరులోకి చేరి ఒక కడ్డీని ముందుకు నెడుతుంది. ఆ కడ్డీ స్లాక్ అడ్జస్టరును తిప్పగా, లైనింగు బిగించిన బ్రేకు షూలు విచ్చుకొని డ్రమ్ము లోపలి తలాన్ని ఒరుసుకుంటాయి. లైనింగు అరిగేకొద్దీ ఏర్పడే ఖాళీని సరిచేయడం స్లాక్ అడ్జస్టరు పని. నిండు లోడుతో దిగుడులో ఎక్కువసేపు బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి సాగుతుంది, కడ్డీ చివరిదాకా వచ్చినా షూ గట్టిగా ఆనదు, లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. దీనినే బ్రేకు ఫేడ్ అంటారు. వెనుక చక్రాలకు అమర్చే స్ప్రింగు బ్రేకు తీరు ఇందుకు భిన్నం: అక్కడ గాలి ఒత్తిడే బలమైన స్ప్రింగును నొక్కి ఉంచుతుంది గనుక, గాలి పోతే స్ప్రింగు విడివడి చక్రాలను పట్టేస్తుంది. కాబట్టి ఆ అమరిక ఉన్న బండి విషయంలో ‘గాలి దిగిపోయి బ్రేకు పడలేదు’ అన్న వాంగ్మూలాన్ని పరిశోధకుడు అలాగే రాసుకోవడానికి వీలులేదు. డ్రమ్ముపై నీలిగా కమిలిన మచ్చలు మితిమీరిన వేడిని, బొత్తిగా అరిగిన లైనింగు మరమ్మతులలో నిర్లక్ష్యాన్ని సూచిస్తాయి. ఒకే మోడల్‌కు చెందిన కొత్త బండ్లలో ఒకే భాగం ఒకేచోట చిట్లుతుంటే మాత్రం తయారీ లోపాన్ని అనుమానించవలసి ఉంటుంది.

ఇలా వేరుచేసి చూసే బాధ్యత గనులలో ఒక స్థిరమైన సంస్థ చేతిలో ఉంది. 1902లో కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయంగా మొదలై, 1908లో ధన్‌బాద్‌కు తరలిన ఆ సంస్థనే ఇప్పుడు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ మైన్స్ సేఫ్టీ, వాడుకలో డీజీఎంఎస్ అంటున్నారు. ఇది కేంద్ర కార్మిక శాఖ కింద పనిచేస్తుంది. 1952 నాటి గనుల చట్టం 23వ సెక్షన్ ఏర్పరచిన పద్ధతి ప్రకారం, ప్రాణం పోయిన ప్రమాదాన్ని యాజమాన్యం వెంటనే ఈ సంస్థకు తెలియజేయవలసి ఉండేది. క్షతగాత్రులను కాపాడడానికో, మృతదేహాన్ని తీయడానికో, మరో ప్రమాదాన్ని ఆపడానికో తప్ప, ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా ఆ స్థలాన్ని కదిలించడానికి వీలుండేది కాదు. 72 గంటలు గడిచినా ఆయన రాకపోతేనే పని తిరిగి మొదలుపెట్టే వీలుండేది. ప్రమాదకరమని తోచిన యంత్రాన్ని సరిచేయమని నోటీసు ఇచ్చే అధికారాన్ని, అవసరమైతే పని ఆపించే అధికారాన్ని 22వ సెక్షన్ ఇచ్చింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక సంహితలలో ఈ చట్టం కలిసిపోయినా, దశాబ్దాలుగా స్థిరపడిన తనిఖీ సంప్రదాయం దీనిదే. ఒక గనిలో బయటపడిన లోపం డీజీఎంఎస్ సర్క్యులరుగా మారి దేశంలోని గనులన్నిటికీ చేరడం ఈ పద్ధతిలోని అసలు బలం. డంపరు వెనక్కి వచ్చేటప్పుడు మోగే హారను, ఒక బ్రేకు విఫలమైతే ఆదుకునే రెండో బ్రేకు, ఇంజినులో మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటు వంటివాటిని గనుల భద్రతా నియమాలు పట్టుబట్టి అడుగుతాయి.

రోడ్డు మీద ప్రమాదం జరిగితే లారీని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరీక్షిస్తాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ ప్రకారం, పరీక్ష కోసం తరలించిన బండిని లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో యజమానికి తిరిగి అప్పగించాలి. ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అని తేల్చడమే ఆ నివేదికలోని కీలకాంశం. కేసుకు, బీమాకు అది చాలు. అదే భాగం అదే మోడల్‌కు చెందిన ఇతర లారీలలోనూ దెబ్బతింటున్నదా అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించినప్పుడు బ్రేకుల మాట, బస్సులో వందమందికి పైగా ఎక్కారన్న మాట కలిసే వినిపించాయి. బరువు, దిగుడు, బ్రేకు ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకొని ఉంటాయో ఆ ఘటన చూపింది.

విడి ప్రమాదాలను కలిపి చూసే దారిని మోటారు వాహనాల చట్టం ఆలస్యంగా తెరిచింది. 2019 సవరణతో చేరిన 110ఎ సెక్షన్, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనలు, లోపమున్న వాహనాలను తయారీదారు సొంత ఖర్చుతో వెనక్కి పిలిచి సరిచేయాలని కేంద్రం ఆదేశించే వీలు కల్పించాయి; దీనినే రీకాల్ అంటారు. తయారై ఏడేళ్లు దాటని వాహనాలకే ఇది వర్తిస్తుంది. భారీ వాహనాల విషయంలో ఫిర్యాదులు ఆ మోడల్ ఏడాది అమ్మకాలలో 3 శాతానికి చేరాలి. అమెరికాలో 1970లో ఏర్పడిన జాతీయ రహదారి భద్రతా సంస్థ, ఇటువంటి కనీస సంఖ్య కోసం వేచి ఉండకుండా, అందిన ఫిర్యాదులను జల్లెడపట్టి, ముందు ప్రాథమిక పరిశీలన, తరువాత ఇంజినీరింగ్ విశ్లేషణ జరిపి రీకాల్ దాకా వెళ్తుంది. ఇక్కడ రవాణా వాహనానికి ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష ఆ ఒక్క బండి ఆరోగ్యాన్ని చెబుతుందే తప్ప, మోడల్‌లోని లోపాన్ని పట్టడానికి ఉద్దేశించినది కాదు.

అందువల్ల గనిలో ఇన్‌స్పెక్టరు మొదలుపెట్టే పనిని రోడ్డు మీద లారీ యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కులు మొదలుపెట్టవలసి వస్తున్నది. వారంటీ ఉండగానే పదేపదే పోయే వాల్వును, చిట్లిన చాంబరును, విరిగిన స్టీరింగు భాగాన్ని షెడ్డులో మార్పించి, పాతదాన్ని ఇనుప సామాను కొట్టుకు తూకానికి వేయడం వల్ల ఆ ఒక్క బండి మాత్రమే బాగుపడుతుంది. ఆ భాగాన్ని దాచి, బిల్లును, ఛాసిస్ నంబరును, తిరిగిన కిలోమీటర్లను రాసిపెట్టి, లారీ యజమానుల సంఘం ద్వారా ప్రభుత్వ రీకాల్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయడం అవసరం. నమోదు కాని లోపం ఆ 3 శాతం లెక్కలోకి రాదు.