ఎండు చేపల వాసన

పోయిన ఎండాకాలం సెలవులకు మా పెద్దాడు పెళ్ళాం పిల్లలతో ఖమ్మం నుంచి కరెంటు కారులో వచ్చాడు. మా ఇల్లు సారపాకలో. గోదావరి వంతెన దాటితే భద్రాచలం. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా దాదాపు 120 కిలోమీటర్ల దారి. ఇక్కణ్ణుంచి చింతూరు వైపు అడవిలోకి వెళ్ళి రావాలని వాళ్ళ ప్లాను. అందుకని రాత్రి భోజనాలు కాగానే డిక్కీలోంచి చార్జింగ్ కేబుల్ తీసి, ఎప్పుడో నీళ్ళ మోటారు కోసం వరండాలో పెట్టించిన పవర్ ప్లగ్గుకు తగిలించి పడుకున్నాడు.

పదకొండు దాటాక మా ఇంటావిడ లేచి కూర్చుంది. "ఎండు చేపలు ఎవరు తెచ్చారు?" అంది. ఎవరూ తేలేదు. వాసన మాత్రం నిజమే, సంతలో ఎండు చేపల దుకాణం పక్కన నిలబడ్డట్టుంది. నలభై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి, నాకు గుండె గుభేల్మంది. ప్లగ్గులూ సాకెట్లూ తయారుచేసే కొన్ని రకాల ప్లాస్టిక్కులు మితిమీరి వేడెక్కితే ఇదే వాసన వస్తుంది. వంటింట్లో చేపలు లేకుండా ఇంట్లో చేపల వాసన వస్తే ముందు వెతకాల్సింది స్విచ్ బోర్డుల దగ్గర.

పరుగున వెళ్ళి మెయిన్ ఆపేశాను. కరెంటు పారుతుండగా ప్లగ్గు లాగకూడదు, నిప్పురవ్వ లేస్తుంది. కాసేపాగి లాగితే ప్లగ్గు ఇంకా చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. పొద్దున వెలుతుర్లో చూశాను. మూడు పిన్నుల్లో ఒకదాని మొదట్లో, తెల్లటి ప్లాస్టిక్ మీద శనగబద్దంత గోధుమరంగు మచ్చ. ఆ పిన్ను ఇత్తడి మెరుపు పోయి నల్లబడింది.

ఏడో తరగతి చదివే మా మనవరాలు పక్కనే గొంతుక్కూర్చుని అంతా చూస్తోంది. "తాతయ్యా, వైరంతా మామూలుగానే ఉంది కదా, ప్లగ్గు దగ్గరే ఎందుకు కాలింది?" అంది. మంచి ప్రశ్న. అసలు సంగతంతా అందులోనే ఉంది.

"శ్రీరామనవమి నాడు కల్యాణం చూడ్డానికి మిథిలా స్టేడియానికి వెళ్ళాం గుర్తుందా? ఎక్కడ ఊపిరాడలేదు?"

"గేటు దగ్గర."

అదీ సంగతి. వెడల్పాటి రోడ్డు మీద ఎంతమందైనా హాయిగా నడుస్తారు. గేటు ఇరుకైతే తోపులాట అక్కడే, చెమట అక్కడే. రాగి తీగ వెడల్పాటి రోడ్డు. ప్లగ్గు పిన్ను సాకెట్‌లోని ఇత్తడి రేకును తాకే చోటు గేటు. కంటికి రెండూ బాగా అతుక్కున్నట్టే కనిపిస్తాయి. సూక్ష్మంగా చూస్తే రెండూ గతుకుల నేలలే. గతుకుల శిఖరాలు కొన్నిచోట్ల మాత్రమే ఒకదాన్నొకటి తాకుతాయి. కరెంటంతా ఆ కాసిన్ని చుక్కల గుండానే దూరి పోవాలి. రేకు స్ప్రింగు వదులైనా, చిలుం పట్టినా, దుమ్ము చేరినా ఆ చుక్కలూ తగ్గిపోతాయి.

బడిలో బోర్డు మీద రాసినట్టే లెక్క వేసి చూపించాను. ప్రవాహాన్ని ప్రవాహంతో గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే పుట్టే వేడి తెలుస్తుంది. ఇంగ్లండులో బీరు తయారీదారుల కుటుంబంలో పుట్టిన జేమ్స్ జూల్ 1840 ప్రాంతంలో తేల్చిన సూత్రమిది. కారు 15 యాంపియర్లు లాగుతోందనుకుందాం. పదిహేను పదిహేన్లు 225. అయిదు మీటర్ల కేబుల్‌లో, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పోనూ రానూ పది మీటర్లకు నిరోధం 0.07 ఓమ్‌లు. పుట్టే వేడి దాదాపు 16 వాట్లు. అది అయిదు మీటర్ల పొడవునా పరుచుకుంటుంది, గాలికి పోతుంది. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుందంతే.

ఇక గేటు సంగతి. పిన్ను బిగువుగా ఉంటే అక్కడి నిరోధం ఓమ్‌లో వెయ్యోవంతు అనుకో, వేడి పావు వాటు కూడా ఉండదు. వదులై ఓమ్‌లో పదోవంతుకు పెరిగిందనుకో, 22 వాట్లు దాటుతుంది. రేడియోలు బాగుచేసేవాళ్ళు సీసం, తగరం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే మా వరండా గోడలో శనగబద్దంత చోట ఒక సోల్డరింగ్ ఐరన్ గంటల తరబడి కాలుతోందన్నమాట! ఆ వేడికి రేకు స్ప్రింగు బిగువు ఇంకా సడలుతుంది. సడలితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది. నిప్పులో నెయ్యి పోసినట్టు తనకు తానే పెరిగే మంట అది.

"మరి ఇన్నేళ్ళూ మోటారు పెట్టాంగా, అప్పుడేం కాలేదే?" అని మా వాడు అడిగాడు. మోటారు అరగంట తిరిగి ఆగుతుంది. గీజరు పావుగంట. ఇస్త్రీపెట్టె ఆగుతూ ఆగుతూ కాలుతుంది. మధ్యలో ప్లగ్గు చల్లారుతుంది. కారు అలా కాదు. 30 యూనిట్ల బ్యాటరీని 3 కిలోవాట్లతో నింపాలంటే పది గంటలు. పది గంటలపాటు గుక్క తిప్పుకోకుండా నిండు ప్రవాహం. మన ఇళ్ళలోని ప్లగ్గులు ఇంతకు ముందెన్నడూ ఎరగని చాకిరీ ఇది.

ఈ జూల్ లెక్క మా ప్రాంతానికి కొత్తేం కాదు. పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో సింగరేణి బొగ్గు మండించి, కిన్నెరసాని నీళ్ళతో ఆవిరి చేసి కరెంటు తీస్తారు. దాన్ని లక్షల వోల్టులకు పెంచి పెద్ద టవర్ల మీద పంపేది ఎందుకనుకున్నారు? వోల్టేజీ పది రెట్లు పెంచితే అదే కరెంటుశక్తికి ప్రవాహం పదోవంతు చాలు. ప్రవాహం పదోవంతైతే దారిలో వేడిగా పోయే నష్టం నూరోవంతే. అంత దూరం నుంచి భద్రంగా వచ్చిన కరెంటు ఆఖరి రెండంగుళాల్లో, మన వరండా సాకెట్‌లో, ఇల్లు తగలబెట్టబోయింది. మా లైన్‌మన్‌ను అడిగితే ఒకటే మాట: "తీగ మధ్యలో కాలడం తక్కువ సార్, కాలేదంతా జంపర్ల దగ్గరే." జంపరంటే అతుకే కదా.

ఆ మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ తీయించాను. లోపల రేకు నీలంగా మారి నోరు తెరిచింది. తప్పంతా మన పాత సాకెట్‌దేనని తీర్మానించుకుని ఊరుకున్నాను. రెండు వారాలు కాకముందే మా వాడి ఫోనుకు కంపెనీ నుంచి సందేశం వచ్చింది. ఫలానా నంబర్ల మధ్య ఉన్న చార్జింగ్ కేబుళ్ళ ప్లగ్గు వేడెక్కే అవకాశం ఉంది, వాడకం ఆపండి, ఉచితంగా మార్చి ఇస్తాం అని.

మా కోడలు కంగారుపడింది, "ఇంత పెద్ద కంపెనీ ఇలాంటిది అమ్మిందా" అని. నాకు మాత్రం ఆ సందేశం చూసి ధైర్యమొచ్చింది. తప్పు కనిపెట్టి, ఒప్పుకుని, వెనక్కి పిలవడం ఇంజనీరింగ్‌లో మర్యాద. 2012లో అమెరికాలో షెవర్లే వోల్ట్ కార్ల కేబుళ్ళు వేడెక్కుతున్నాయని జనరల్ మోటార్స్ మార్చి ఇచ్చింది. 2014 జనవరిలో టెస్లా 29,222 కార్లకు గోడ ప్లగ్గు వైపు ఉండే అడాప్టర్లు మార్చింది. కొత్త వాటిలో థర్మల్ ఫ్యూజు పెట్టి పోస్టులో పంపింది. మామూలు ఫ్యూజు ప్రవాహం హద్దు మీరితే తెగుతుంది. మా ఇంట్లో ప్రవాహం హద్దులోనే ఉంది, అందుకే ఏ ఫ్యూజూ తెగలేదు, ఎంసీబీ పడలేదు. థర్మల్ ఫ్యూజు వేడిని చూసి తెగుతుంది. వదులు అతుకును పట్టుకోగలిగేది అదే.

మన దగ్గర ఈ వెనక్కి పిలవడం ఎంత అవసరమో 2022 ఏప్రిల్‌లో తెలిసొచ్చింది. నిజామాబాద్‌లో రాత్రిపూట ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. అదే వారంలో విజయవాడలోనూ పడగ్గదిలో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ నెలలోనే ప్యూర్ ఈవీ 2,000, ఒకినావా 3,215, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. అవి బ్యాటరీ గొడవలు, మాది ప్లగ్గు గొడవ. వేళ మాత్రం ఒకటే: అందరూ నిద్రపోయే వేళ. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకొచ్చాయి, జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. బాగుచేసే ఖర్చు కంపెనీదే. కాబట్టి మొహమాటపడక్కర్లేదు, అది ఎవరి దయా కాదు.

కేబుల్ మధ్యలో ఒక డబ్బా ఉంటుంది చూడండి, దాని వీపు మీద చీమ తలకాయలంత అక్షరాల్లో సీరియల్ నంబరు ఉంటుంది. మా మనవరాలు ఫోను లైటు వేసి ఫోటో తీసి, పెద్దది చేసి చదివింది. కంపెనీ చెప్పిన వరసలోనే ఉంది. ఖమ్మం సర్వీసు సెంటర్లో నంబరు రాసుకుని, కొత్తది రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. "అందాకా తక్కువ కరెంటు పెట్టుకుని వాడనా నాన్నా?" అని మా వాడు. ప్రవాహం సగం చేస్తే వేడి పావు వంతవుతుంది, లెక్క నిజమే. కానీ మచ్చ పడ్డ ప్లగ్గును నేను నమ్మను. వాడొద్దన్నారు కనక వాడొద్దన్నాను. ఆ మూడు వారాలూ ఊళ్ళో పబ్లిక్ చార్జర్ దగ్గరే పెట్టుకున్నాడు.

కొత్త కేబుల్ వచ్చాక మళ్ళీ మా ఇంటికే తెచ్చాడు. కొత్త సాకెట్‌లో పెడితే డబ్బా మీద ఎర్ర లైటు వెలిగి మొరాయించింది. కోడలు మళ్ళీ కంగారు. ఆ డబ్బా ఊరికే లేదమ్మా, కారుతో మాట్లాడి, ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకుని అప్పుడే కరెంటు వదులుతుంది అన్నాను. పెరట్లో ఎర్త్ గొయ్యి ఉంది, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చింది. మే నెల ఎండకు నేల బీటలు వారింది. ఎండిన మట్టిలో కరెంటు పారదు, ఉప్పు తడిసి నీళ్ళలో కరిగితేనే దారి. నాలుగు బిందెలు నీళ్ళు పోసి గంట ఆగాం. పచ్చ లైటు వెలిగింది. మనవరాలు చప్పట్లు కొట్టింది.

భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు మొదటి హెచ్చరికకే సామాన్లు సర్దుకున్నవాళ్ళు నిబ్బరంగా ఉన్నారు. ప్లగ్గుకూ అలాంటివి మూడున్నాయి. చెయ్యి ఆనించలేనంత వేడి మొదటిది, వాసన రెండోది, గోధుమ మచ్చ మూడోది. మేం రెండో దాని దగ్గర, అదీ మా ఇంటావిడ ముక్కు పుణ్యాన, మేలుకున్నాం.

ఒక్కటి మాత్రం మరవకండి. అతుకుకు రెండు వైపులుంటాయి. కంపెనీ మార్చి ఇచ్చేది ఒక వైపే. రెండో వైపు మీ గోడలో ఉంది. కాలిన ప్లగ్గు పెట్టిన సాకెట్‌లో కొత్త ప్లగ్గు పెడితే అదీ కాలుతుంది. కేబుల్ మార్చిన రోజే సాకెట్ కూడా మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు, అది మధ్యలో ఇంకో రెండు మూడు అతుకులు పెంచుతుంది.

పాత కేబుల్ "అవసరానికి ఉంటుందిలే" అని అటకెక్కించకండి, పనిమనిషికో పక్కింటి కుర్రాడికో ఇవ్వకండి. మాది సర్వీసు సెంటర్‌లో ఇచ్చేసి రసీదు తీసుకున్నాం. ఇవాళ రాత్రి మీ ఇంట్లో బండి చార్జింగ్ పెట్టిన గంటకు ఒకసారి లేచి, ప్లగ్గు వీపు మీద అరచేతి వెనక వైపు ఆనించి చూడండి.