పరీక్షల కాలంలో కూరగాయల సేమియా – మనమే వండుకుందాం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఉపయోగపడే విషయం రాయమని అడిగితే మేము చాలాసేపు ఆలోచించాము. కవితలు, జోకులు, సామెతలు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. మేము మాత్రం వంట గురించి రాద్దామనుకున్నాము. దయచేసి నవ్వకండి. హాస్టల్ గేటు దాటిన మొదటి నెలలోనే మాకు అవసరపడిన విద్య ఇది. అప్పటికి మాలో ఒక్కరికీ రాని విద్య కూడా ఇదే.

మేము నలుగురం. ఒకరం సూర్యాపేటలో, ఒకరం కోదాడలో, ఇద్దరం మిర్యాలగూడలో సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో చదువుకున్నాము. అప్పుడు ఈ మూడు ఊళ్ళూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక సూర్యాపేట, కోదాడ అందులోకి వెళ్ళాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. డిగ్రీకి వచ్చాక నలుగురం సూర్యాపేటలో ఒకే గది అద్దెకు తీసుకున్నాము.

అన్నం, తొక్కు – అంతే

మాది వరి పండే నేల. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ, సూర్యాపేట వైపు మూసీ కాలువలు. బియ్యానికి ఇంటి నుంచి కొదవ ఉండేది కాదు. బియ్యం మూట, మామిడికాయ తొక్కు సీసా తెచ్చుకుంటే నెల గడిచిపోయేది. కూర వండాలంటే బద్ధకం, కొనాలంటే డబ్బుల లెక్క. ఇలా మూడు పూటలా అన్నం, తొక్కుతోనే కాలం వెళ్ళదీశాము.

మార్చిలో పరీక్షలు వచ్చాయి. రాత్రిళ్ళు మేలుకొని చదువుతున్న మాలో ఒకడు ఒకరోజు లేచి నిలబడబోయి కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకువెళితే పరీక్ష చేసి రక్తం తక్కువగా ఉందన్నారు. "కూరగాయలు ఏం తింటున్నారు?" అని డాక్టర్ గారు అడిగారు. మా నలుగురిలో ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాము. వాడు ఆ సంవత్సరం రెండు పేపర్లు రాయలేకపోయాడు.

ఆ వారంలోనే ఉగాది. ఇక నుంచి కూరగాయలు వండుకోవాలని పట్టుదలగా సేమియా ప్యాకెట్లు, క్యారెట్లు, బీన్స్ కొన్నాము. గంజులో నీళ్ళు పోసి, అన్నీ ఒకేసారి వేసి పొయ్యి మీద పెట్టాము. అరగంటకు గోడకు పోస్టర్లు అంటించే మైదా ముద్ద లాంటిది తయారైంది. పండుగపూట దాన్ని పారేసి మళ్ళీ అన్నం, తొక్కే తిన్నాము. పారేసింది మా రెండు రోజుల ఖర్చు.

మరునాడు మాలో ఒకరు చదివిన హాస్టల్‌కు వెళ్ళి వంట చేసే పెద్దమ్మను అడిగాము. ఏళ్ళ తరబడి ఆమె చేసిన ఉప్మాను చూసి "మళ్ళీ ఇదేనా" అని మూతి ముడిచినవాళ్ళమే మేమంతా. ఆమె అదేమీ మనసులో పెట్టుకోలేదు. "సేమియా వేగాలె, నీళ్ళు మసలాలె, పులుపు ఆఖరికి పడాలె. గీ మూడు యాది పెట్టుకోండ్రి బిడ్డా" అన్నది. మేము ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ మూడు మాటల వివరణే.

సేమియా అంటే ఏమిటి?

ఈ మధ్య మన ఊళ్ళలోని దుకాణాల్లో కూడా పాస్తా, మకరోనీ ప్యాకెట్లు వేలాడుతున్నాయి. అవేవో విదేశీ వింతలని అనుకోనక్కరలేదు. గట్టి గోధుమ రవ్వను నీళ్ళతో కలిపి, అచ్చులో నుంచి వత్తి, ఆరబెడితే పాస్తా. సన్నని దారాలుగా వత్తితే అదే సేమియా. ఇటలీలో ఈ సన్న రకాన్ని వర్మిసెల్లీ అంటారు. ఆ మాటకు అర్థం చిన్న పురుగులు అని! ఇటలీ భాషలో వసంతాన్ని ప్రిమవేరా అంటారు. ఆ పేరుతోనే పాస్తాలో రకరకాల కూరగాయలు కలిపిన వంటకం 1970లలో న్యూయార్క్‌లోని లె సర్క్ అనే హోటల్ ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది. మనం చేసే కూరగాయల సేమియా దానికి దగ్గరి చుట్టమే.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక చదవండి. రవ్వతో చేసిన సేమియా విడివిడిగా వస్తుంది. మైదాతో చేసింది త్వరగా ముద్దవుతుంది.

ఈ కాలంలో ఏ కూరగాయలు?

వసంతం అంటే మనకు చైత్ర, వైశాఖ మాసాలు. పచ్చి బఠానీ చలికాలంతో పాటే వెళ్ళిపోతుంది కాబట్టి ఎండు బఠానీ రాత్రి నానబెట్టి ఉడికించి వాడుకోవచ్చు. క్యారెట్, బీన్స్, టమాట దొరుకుతాయి. లేత మునగాకు చెట్టు ఉన్న ఇంటివాళ్ళను అడిగితే ఉచితంగానే ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యం మామిడికాయ. ఉగాది పచ్చడికి తెచ్చిన కాయలో సగం మిగిలితే అదే చాలు. కూరగాయలకు రైతు బజారుకు సాయంత్రం పొద్దుపోయాక వెళ్ళండి, ధర తగ్గుతుంది.

కావలసినవి (గదిలో నలుగురికి, ఒక పూట భోజనంగా)

సేమియా 400 గ్రాములు, క్యారెట్లు రెండు, బీన్స్ 100 గ్రాములు, ఉడికించిన బఠానీ గుప్పెడు, టమాటలు రెండు, ఉల్లిగడ్డలు రెండు, పచ్చిమిరపకాయలు నాలుగు, మునగాకు గుప్పెడు, పల్లీలు గుప్పెడు, సగం మామిడికాయ తురుము (లేకపోతే ఒక నిమ్మకాయ), నూనె నాలుగు పెద్ద చెంచాలు, పోపుకు ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, కరివేపాకు, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు, కొత్తిమీర.

చేసే విధానం

1. ముందు సేమియాను గ్లాసుతో కొలవండి. గ్లాసు సేమియాకు గ్లాసున్నర నీళ్ళు. ఈ లెక్క తప్పితే ఏం చేసినా లాభం లేదు.

2. మూకుడులో ఒక చెంచా నూనె వేసి సన్నని మంట మీద సేమియాను లేత ఎరుపు వచ్చేదాకా వేయించి పక్కన పెట్టండి. గంటెతో కలుపుతూనే ఉండాలి. ఫోన్ చూస్తే మాడుతుంది. వేయించిన సేమియా అని అమ్మే ప్యాకెట్‌ను కూడా రెండు నిమిషాలు వేడి చేయడం మంచిది.

3. గంజులో మిగిలిన నూనె వేసి పల్లీలు వేయించి తీయండి. అదే నూనెలో శనగపప్పు, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు వేసి, తర్వాత ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయండి.

4. ఉల్లిగడ్డ మెత్తబడగానే సన్నగా తరిగిన బీన్స్, క్యారెట్, పసుపు వేసి మూత పెట్టి ఐదారు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాతే బఠానీ, టమాట, మునగాకు వేయాలి.

5. కొలిచిన నీళ్ళు పోసి ఉప్పు వేయండి. నీళ్ళు రుచి చూస్తే కొంచెం ఉప్పగా ఉండాలి, సేమియా ఆ ఉప్పును పీల్చుకుంటుంది.

6. నీళ్ళు తెర్లిన తర్వాతే సేమియా పోయండి. ఒక్కసారి కలిపి, మంట తగ్గించి, మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచండి.

7. దించి ఐదు నిమిషాలు మూత తీయకండి. తర్వాత మామిడి తురుము లేదా నిమ్మరసం, పల్లీలు, కొత్తిమీర వేసి అడుగు నుంచి మెల్లగా కలపండి.

అంతా కలిపి అరగంట పని. ఒక్క పొయ్యి ఉన్నా చాలు.

ఎందుకు ఇలాగే?

గోధుమలో ఉండేది ఎక్కువగా పిండి పదార్థం. పచ్చి సేమియాను చల్లటి లేదా గోరువెచ్చని నీళ్ళలో వేస్తే పైపొర పిండి కరిగి జిగురవుతుంది, దారాలన్నీ అతుక్కుంటాయి. మా ఉగాది ముద్ద రహస్యం ఇదే. వేయించినప్పుడు పైపొర గట్టిపడుతుంది, నూనె పూత పడుతుంది. మసిలే నీళ్ళలో పడితే త్వరగా ఉడికి, నీళ్ళు పీల్చుకుని విడివిడిగా ఉంటుంది.

పులుపు సంగతి వేరు. టమాట గాని మామిడికాయ గాని ముందే వేస్తే ఆ పులుపుకు బీన్స్, క్యారెట్ త్వరగా మెత్తబడవు. పైగా మామిడి, నిమ్మలోని సి విటమిన్ వేడికి చాలావరకు పోతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము మన ఒంటికి పట్టడానికి ఆ సి విటమిన్ సహాయం చేస్తుంది. రక్తం తక్కువైన మా మిత్రుడికి మునగాకు ఎంత ముఖ్యమో ఆఖరున పిండే నిమ్మకాయ కూడా అంతే ముఖ్యం. అయితే ఇది మందుకు బదులు కాదు. డాక్టర్ గారు రాసిన మాత్రలు వాడు మానలేదు.

క్యారెట్ నుంచి మనకు అందే ఎ విటమిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె ఉండాలి. గోధుమలోని మాంసకృత్తుల్లో ఉండే లోటును బఠానీ, శనగపప్పు పూడుస్తాయి. అందుకే ఉత్త సేమియా వేరు, ఈ సేమియా వేరు.

వంద మందికి చేయాలంటే

హాస్టల్‌లో ఉదయం టిఫిన్‌గా తలకు 80 గ్రాముల లెక్కన 8 కిలోల సేమియా, కనీసం 6 కిలోల కూరగాయలు కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పెద్ద గంజులో నీళ్ళు ఆవిరై పోయేది తక్కువ, కాబట్టి గదిలో వాడిన లెక్క కన్నా నీళ్ళు కొంచెం తగ్గించాలి. అంతా ఒకేసారి వేస్తే పైభాగం బరువుకు అడుగున ముద్దవుతుంది, రెండు విడతలుగా చేయడం మేలు. వంటమనిషి, కామాటి తెల్లవారుజామునే లేచి ఈ లెక్కలన్నీ తలలోనే వేసుకుంటారని మాకు గదిలో వండుకున్నాక గాని తెలియలేదు.

డబ్బుల లెక్క కూడా తెలుసుకోవాలి. తెలంగాణలో 2024లో డైట్ చార్జీలు పెంచినప్పుడు 8 నుంచి 10 తరగతుల వారికి నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయ్యింది. అంటే రోజుకు దాదాపు 51 రూపాయలు. అందులోనే అన్ని పూటలూ గడవాలి. కూరగాయ సగం, సేమియా సగం వేయమని అడగడం మన హక్కు. వడ్డించింది పారేయకపోవడం మన బాధ్యత.

చివరి మాట

పదో తరగతి, ఇంటర్ చదువుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! వంట ఆడపిల్లల పని అని మగపిల్లలు, ఇంట్లో ఎలాగూ వచ్చేస్తుందిలే అని ఆడపిల్లలు అనుకోకండి. వార్డెన్ గారి అనుమతితో నాలుగు ఆదివారాలు వంటశాలలో నిలబడి చూడండి. కూరగాయలు తరగడం, నీళ్ళు కొలవడం నేర్చుకోండి. మసిలే పెద్ద గంజుల దగ్గరికి మాత్రం వెళ్ళకండి, ఆ పని పెద్దవాళ్ళది.

మా మిత్రుడు మరుసటి సంవత్సరం ఆ రెండు పేపర్లూ రాసి పాసయ్యాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. ప్రతి ఉగాదికి మేము నలుగురం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాము. ఆ రోజు సేమియా వండేది వాడే. పెద్దమ్మ పదవీ విరమణ చేసి ఊళ్ళో ఉంటున్నది. ఒకసారి ఆమెకు డబ్బాలో పెట్టి తీసుకువెళ్ళాము. తిని, "ఉప్పు జర తక్కువైంది గాని, ముద్ద కాలే" అన్నది. మాకు డిగ్రీ పట్టా కన్నా ఆ మాటే ఎక్కువ అనిపించింది.

– సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్ళ పూర్వ విద్యార్థులు