గనిసీమలో వేసవి సెలవులు
పగటి శిబిరముల యావశ్యకత

వేసవి సెలవులు పిల్లలకు పండుగ. కన్నవారికి మాత్రము పరీక్ష. 2025వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్రములోని పాఠశాలలు ఏప్రిల్ 24వ తేదీ మొదలు జూన్ 11వ తేదీ వరకు మూయబడినవి. లెక్కకు 49 దినములు. భూవసతి గల కుటుంబములవారు పిల్లలను అమ్మమ్మగారి యూళ్లకు బంపుదురు. నగరవాసులు రుసుములు చెల్లించి యీత, సంగీతము, చిత్రలేఖనము నేర్పింతురు. బొగ్గుగనుల సీమలోని శ్రామికుల యిండ్లలో ఈ దినము లెట్లు గడచుచున్నవో విచారించువారు మనలో తక్కువ. ఆ సంగతిని పాఠకుల దృష్టికి దెచ్చుట మా యుద్దేశము.

గోలేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలములోనిది. రాష్ట్రప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రప్రభుత్వమునకు 49 శాతము వాటాలు గల సింగరేణి కంపెనీయొక్క బెల్లంపల్లి ఏరియాకు ఈ టౌన్‌షిప్పే కేంద్రస్థానము. గని పనికి రాత్రింబవళ్ల భేదము లేదు. దినమునకు మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టునకు బోయినవాడు తెల్లవారి యిల్లు చేరును. లోకమంతయు పనిలో బడువేళ నతడు కన్ను మూయవలెను. బడి యున్న దినములలో ఈ యేర్పాటు చక్కగా సాగును. పిల్లలు ఉదయమున బడికి బోయి సాయంకాలమునకు వత్తురు. ఆ నడిమికాలమే తండ్రికి నిద్రాకాలము. బడి మూయబడిన మరునాడే ఈ పొందిక చెడును. రెండు గదుల యింటిలో ఇద్దరు పిల్లలు ఆడుకొనుచుండ పెద్దవాడు నిద్రించు టెట్లు? నోరు మెదపవద్దని పిల్లలను గద్దించుట యొకనాడు, రెండునాళ్లు సాగును గాని నెలన్నర సాగదు. బయటికి బంపుదమన్న ఎండ 45 డిగ్రీలకు ప్రాకుచుండును. ఆ తల్లికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇది యింటివారి చిన్నబాధ యని తోచవచ్చును. కాదని మా మనవి. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు ప్రబలిన యీ కాలమున శ్రామికుడు డంపరును, షావెలును, డోజరును నడపుచున్నాడు. నిద్ర చాలని కన్ను ఒక్క క్షణము మూతపడిన, అతనికే గాక తోడివారికిని ప్రాణాపాయము. 1952వ సంవత్సరపు గనుల చట్టమును 1983లో సవరించి 18 ఏండ్లలోపు వారిని గనిలో నుండనీయరాదని శాసించిరి. అది న్యాయమే. కాని గని గడప త్రొక్కని బిడ్డయొక్క పగటిపూట యెట్లు గడచునో దానినిబట్టి గనిలో తండ్రి క్షేమము నిర్ణయమగుచున్నది. ఈ సంబంధమును గుర్తించినగాని వేసవి శిబిరముల విలువ మనకు దెలియదు.

సింగరేణి ప్రాంతములకు వేసవి శిక్షణము క్రొత్త గాదు. క్రీడామైదానములలో బాలబాలికలకు వాలీబాలు, కబడ్డీ, కరాటే, యోగము మొదలగునవి నేర్పుట చూచుచునే యున్నాము. వీనివలని లాభమును తల్లిదండ్రు లెల్లరు నొప్పుకొందురు. తెల్లవారకముందే లేచు నభ్యాసము కలుగును. సెల్‌ఫోను చేతినుండి జారును. ఆఫీసరు కొడుకును కార్మికుని కొడుకును ఒకే జట్టులో నాడుదురు. మాటలాడ జంకు నాడుపిల్ల నలుగురిలో ధైర్యముగా నిలుచును. ఇవి చిన్న ఫలములు గావు.

అయినను వారి మాటలను చెవియొగ్గి వినిన మూడు కొరతలు బయటపడును. మొదటిది వేళ. మైదానపు శిక్షణము ఎండ ముదురకమునుపే ముగియవలెను. మరల ప్రొద్దు వాలినగాని మొదలు గారాదు. మధ్యాహ్నము 12 గంటలు మొదలు 3 గంటల వరకు ఎండలో దిరుగరాదని ప్రభుత్వమువారే హెచ్చరింతురు. కావున తల్లికి కష్టమైన నడిమి గంటలు అట్లే మిగిలిపోవుచున్నవి. రెండవది పోటీ. పరుగెత్తగల పిల్లవానిపై శిక్షకుని కన్ను నిలుచును. బక్కపలుచని పిల్లవాడు గీత యవతల కూర్చుండి యింటికి వచ్చును. మూడవది గేటు. క్వార్టర్లలోని పిల్లలకు మైదానము దగ్గర. కాంట్రాక్టు కార్మికుని పిల్లలకు, గనులచుట్టునున్న పల్లెల పిల్లలకు అది దూరము. వీరు ఎండవేళ చెరువులకును, పాత క్వారీగుంతలలోని నీళ్లకును బోవుదురు. ఈత రాని పిల్లవాడు నీట దిగి తిరిగిరాలేదన్న వార్త మన తెలుగుదేశమున వేసవి వేసవికిని వినవలసివచ్చుచున్నది. ఆ వార్త చదివి అయ్యో యనుకొని పుట త్రిప్పుట మన కలవాటైపోయినది.

ఈ కొరతలకు మందు లేకపోలేదు. లండను నగరమున 1902లో మేరీ వార్డు అను నవలారచయిత్రి, సెలవులలో వీథుల బడి తిరుగు పేదపిల్లలకొరకు సెలవుబడిని దెరచినది. అందు పాఠములకంటె ఆటలు, పాటలు, చేతిపనులు, కథలు ముఖ్యములు. పిదప 1907లో, స్థానికసంస్థలు ఇట్టి సెలవుబడులను, క్రీడాకేంద్రములను నడుపవచ్చునని అచ్చటి పార్లమెంటు చట్టము చేసినది. మన తెలుగువారిలో రేడియో అన్నయ్య, అక్కయ్యలని ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, పాటయు నాటికయు కథయు పిల్లల హక్కులని చాటిరి. ఆటస్థలము లేని చోట గూడ పిల్లలు సంతోషముగా నేర్వగలరని వారి కృషి ఋజువు చేసినది.

మేము కోరున దిది. గోలేటిలోను, తక్కిన గనిపట్టణములలోను వేసవి శిబిరము ఉదయము 9 గంటలు మొదలు సాయంకాలము 4 గంటల వరకు నీడపట్టున సాగవలెను. ఇందులకు క్రొత్త భవనములు కట్ట నక్కరలేదు. ఆ నెలన్నర దినములును తాళములు వేసికొని యున్న పాఠశాలలే చాలును. ఫ్యానులు, త్రాగునీరు, ఓఆర్‌ఎస్ పొట్లములు, మధ్యాహ్నభోజనము, హాజరుపట్టిక, పిల్లవాని రాకపోకలకు బాధ్యురాలైన యొక పెద్దమనిషి - ఇవి ముఖ్యములు. కథలపుస్తకములు, చదరంగము, అష్టాచెమ్మ, పులిమేక, వామనగుంటలు, బొమ్మలు వేయుట, నాటికలాడుట - ఇవి కార్యక్రమము. ఉద్యోగవిరమణ చేసిన పాతకార్మికులు వారమున కొకనాడు వచ్చి, బొగ్గుబాయి పని యెట్లుండునో చెప్పిన పిల్లలకు తండ్రి శ్రమపై గౌరవము కలుగును. పదవతరగతి దాటిన పిల్లలకు చిన్నపాటి పారితోషిక మిచ్చి చిన్నవారిని జూచుకొన నియమించిన రెండు ప్రయోజనములు నెరవేరును.

సెలవులలో మరల బడియేనా యని కొందరాక్షేపింతురు. పాఠములు చెప్పి మార్కులు వేసిన ఆ యాక్షేపణ సరియే. అందుకే పరీక్షలును బహుమతుల పందెములును ఇచ్చట వలదనుచున్నాము. మామిడితోపులో నాడుకొను పిల్లవానికి శిబిర మక్కరలేదు. ఇరుకింటిలో గోడవైపు మొగము ద్రిప్పి ఫోను జూచుచు కూర్చుండు పిల్లవానికే యది కావలెను.

సొమ్ము ప్రశ్న మిగిలినది. బ్రిటనులో 1920వ సంవత్సరపు శాసనము త్రవ్విన ప్రతి టన్ను బొగ్గుపై ఒక పెన్నీ వసూలు చేసి, గనికార్మికుల సంక్షేమనిధి నేర్పరచి, దానితో స్నానశాలలు, ఆటస్థలములు కట్టించినది. మన దేశమున 2015లో ఖనిజచట్టమును సవరించి జిల్లా ఖనిజ ప్రతిష్ఠానములను నెలకొల్పిరి. 2015 జనవరి 12వ తేదీకి ముందు మంజూరైన లీజులపై రాయల్టీలో 30 శాతమునకు సమానమగు సొమ్ము వానికి జేరవలెను. ఆ నిధిని గనులచే బాధింపబడిన గ్రామముల త్రాగునీటికి, విద్యకు, వైద్యమునకు, స్త్రీశిశు సంక్షేమమునకు ముఖ్యముగా వెచ్చింపవలెనని నియమము. పగటి శిబిరము ఈ పద్దులలో నిముడును. రోడ్లకును గోడలకును వెచ్చింపబడు దానిలో స్వల్పభాగ మిందులకు జాలును.

గనులకొరకు పొలములు వదలుకొన్న రైతులు, బొగ్గువలన వెలుగుచున్న పట్టణవాసులు, ఉభయులును ఈ విషయమున మౌనము వహింపరాదు. గ్రామపంచాయతులు తీర్మానములు చేయవలెను. కార్మికసంఘములు జీతభత్యముల కోర్కెలతోపాటు దీనినిగూడ చర్చల బల్లపై నుంచవలెను. కంపెనీవారు తమ పాఠశాలల తాళపుచెవులను, జిల్లాధికారులు నిధిని ఈయవలెను. శిబిరపు వాకిట తండ్రి పర్మనెంటా, కాంట్రాక్టా యను ప్రశ్న వినబడరాదు. రాబోవు ఏప్రిల్ నాటికి ఒక్క గోలేటిలో ఒక్క బడి యీ తీరున తెరువబడిన జాలును. దానిని జూచి తక్కిన గనిపట్టణముల తల్లులు తమంతట తామే యడుగగలరు.